కొలనోస్కోపీ నేర్చుకోవడానికి ఎన్ని కేసులు చాలు?

మా మేనమామది శ్రీకాళహస్తి దగ్గర ఒక పల్లె. ఆర్నెల్లుగా దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం పడుతుంటే మొలలే అనుకుని నాటుమందు వాడాడు. తగ్గలేదు. చివరికి తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి వస్తే, పెద్దపేగులోకి కెమెరా పైపు వేసి చూసే కొలనోస్కోపీ రాశారు. ముందురోజు సాయంత్రం, పేగు శుభ్రం కావడానికి ఇచ్చే పెగ్ పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్ళు తాగి, రాత్రంతా బాత్రూముకు తిరిగి తిరిగి, పొద్దున్నే నీరసంగా వరుసలో కూర్చున్నాడు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టబోతూ పెన్ను ఆపి నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, పెద్ద సారే చేస్తాడా, నేర్చుకునే పిల్లోళ్ళ చేతికిస్తారా?"

నర్సు వినింది. "ఇద్దరూ ఉంటారు పెద్దాయనా" అని పత్రం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె చెప్పింది నిజమే. కానీ మామ అడిగినదానికి అది సగం జవాబే. 1960లో వచ్చిన ఎస్వీ మెడికల్ కాలేజీ, దాని రుయా ఆసుపత్రి, 1993లో టీటీడీ అండతో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి, ఇవన్నీ ఉన్న ఊరు ఇది. ఇలాంటి ఊళ్ళో వైద్యానికి వచ్చినవాళ్ళు ఎవరో ఒక డాక్టరు చదువులో పాఠం కూడా అవుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ టెస్టు చేయడం ఒక డాక్టరుకు 'వచ్చేసింది' అని ఎప్పుడు అనాలి? ఎవరు అనాలి? ప్రపంచమంతా దీని మీద ఇంకా వాదన నడుస్తోంది.

పైపు, రెండు చక్రాలు, ఒక బొటనవేలు

ఎండోస్కోపీ అనగానే నోట్లోంచి వేసే పైపే గుర్తొస్తుంది. కింది నుంచి, మలద్వారం గుండా వేసి పెద్దపేగు మొత్తం చూస్తే అది కొలనోస్కోపీ. ఎడమవైపు భాగం వరకే చూసి ఆపితే సిగ్మాయిడోస్కోపీ.

స్కోపు సుమారు చూపుడువేలంత లావు, మనిషి ఎత్తుకు కాస్త తక్కువ పొడవు. కొనలో దీపం, కెమెరా, నీళ్ళు చిమ్మే రంధ్రం, లోపల సన్నని గొట్టం. ఆ గొట్టంలోంచే ముక్క తీసే చిన్న పటకారు, పాలిప్‌ను, అంటే పేగు గోడ మీద మొలిచే బుడిపెను, ఉచ్చు బిగించి కోసే వైరు వెళతాయి. న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా 1969లో ఆ వైరుతో పాలిప్‌లను కోసి తీశాక ఇది చూసే పరికరం మాత్రమే కాకుండా చికిత్స చేసే పరికరం కూడా అయింది. నేర్చుకోవాల్సిన బరువూ రెండింతలైంది.

డాక్టరు ఎడమచేతిలో స్కోపు తల ఉంటుంది. దానికి రెండు చక్రాలు. పెద్దది కొనను పైకీ కిందికీ, చిన్నది కుడికీ ఎడమకీ వంచుతుంది. పెద్ద చక్రం బొటనవేలి పని. చూపుడువేలు, మధ్యవేలు గాలి, నీళ్ళు, సక్షన్ బటన్ల మీద ఉంటాయి. కుడిచేయి పైపును తోస్తుంది, లాగుతుంది, మెలితిప్పుతుంది. కళ్ళు మాత్రం ఈ చేతుల మీద ఉండవు, ఎదురుగా ఉన్న టీవీ మీద ఉంటాయి. కొత్తవాళ్ళు మొదటి వారాల్లో చక్రం ఎటు తిప్పితే తెర ఎటు కదులుతుందో వెతుక్కోవడంలోనే అలిసిపోతారు.

బొందు ఎక్కించే విద్య

పెద్దపేగు పొడవు సుమారు 150 సెంటీమీటర్లు. కానీ చేయి తిరిగిన డాక్టరు పేగు చివరకు, అంటే సీకం దాకా చేరినప్పుడు స్కోపు మీద అంకె చూస్తే 70, 80 ఉంటుంది. మిగతా సగం పేగు ఎక్కడికి పోయింది?

ఇంట్లో లంగాకు బొందు ఎక్కించడం చూసినవాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. బొందు కొసకు పిన్నీసు గుచ్చి పట్టీలోకి తోస్తాం. కొంచెం తోసి, గుడ్డను పిన్నీసు మీదికి కుచ్చులుగా లాక్కుంటాం. మళ్ళీ తోస్తాం, మళ్ళీ లాక్కుంటాం. బొందు పెద్దగా కదలదు, గుడ్డే దాని మీదికి వస్తుంది. కొలనోస్కోపీ అచ్చం ఇదే. కొంచెం ముందుకు పోయి, వెనక్కి లాగి, కాస్త మెలితిప్పి, పేగును స్కోపు మీదికి మడతలుగా ఎక్కించుకోవాలి.

కొత్తవాళ్ళు తోస్తూనే ఉంటారు. అప్పుడు ఎడమవైపు సిగ్మాయిడ్ దగ్గర పేగు పొట్టలో చుట్ట తిరుగుతుంది. బయటి నుంచి పది సెంటీమీటర్లు తోసినా కొన అంగుళం కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా జారుతుంది. రోగికి నొప్పి వచ్చేది ఎక్కువగా ఈ చుట్ట వల్లే. స్కోపు తిన్నగా ఉంటే ఎడమ డొక్కలో ప్లీహం దగ్గరి మలుపుకు 50 సెంటీమీటర్ల దగ్గరే చేరాలి. అక్కడ అంకె 90 చూపిస్తే, 40 సెంటీమీటర్ల పైపు పొట్టలో చుట్టుకుని కూర్చుందన్నమాట. అప్పుడు ముందుకు కాదు, వెనక్కి లాగాలి. 'ముందుకు పోవాలంటే వెనక్కి రా' అన్న మాట చేతికి ఎక్కడానికే నెలలు పడుతుంది. పొట్ట మీద నర్సు అరచెయ్యి ఎక్కడ నొక్కాలి, రోగిని ఎప్పుడు వెల్లకిలా తిప్పాలి అన్నవీ ఈ విద్యలో భాగమే.

ఇక్కడే మత్తు గురించి ఒక చిక్కుంది. గాఢంగా నిద్రపుచ్చితే రోగికి సుఖం, కొత్త డాక్టరుకూ టెన్షన్ తక్కువ. కానీ చుట్ట పడుతోందని ముందుగా చెప్పేది రోగి మూలుగే. ఆ మూలుగు వినకుండా నేర్చుకున్న చేయి బలంగా తోయడానికి అలవాటు పడుతుందని కొందరు గురువుల భయం. నొప్పితో పాఠం చెప్పించడం ఏం న్యాయమని మరికొందరు అడుగుతారు. పొట్టలో స్కోపు ఆకారాన్ని అయస్కాంత సాయంతో తెర మీద గీసి చూపే యంత్రాలు ఉన్నాయి. అవి ఉంటే ఈ గొడవ సగం తీరుతుంది. అన్ని చోట్లా లేవు.

చేరడం వేరు, చూడడం వేరు

తిరుమల ఘాట్‌లో కొండెక్కే బస్సు డ్రైవరు కళ్ళు మలుపుల మీదే ఉంటాయి. లోయ చూసే తీరిక అతనికి ఉండదు. కొలనోస్కోపీలోనూ లోపలికి పోయేటప్పుడు పని దారి వెతుక్కోవడమే. అసలు పరీక్ష జరిగేది బయటికి వచ్చేటప్పుడు. ప్రతి మడత వెనక్కీ కొనను వంచి, మిగిలిన నీళ్ళు పీల్చి, గోడంతా చూసుకుంటూ మెల్లగా రావాలి.

చూసేది ముఖ్యంగా అడినోమాల కోసం. ఇవి పేగు గోడ మీద మొలిచే ఒక రకం పాలిప్‌లు. అన్నీ కాదు గానీ కొన్ని ఏళ్ళ తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. అందుకే ఒక డాక్టరు చేసిన ప్రతి వంద పరీక్షల్లో ఎంతమందిలో కనీసం ఒక అడినోమా దొరికింది అన్నది ఆయన చూపుకు కొలత అయింది. దీన్నే ఏడీఆర్ (అడినోమా డిటెక్షన్ రేట్) అంటారు.

2006లో అమెరికాలో పన్నెండు మంది డాక్టర్లను గమనించారు. బయటికి రావడానికి సగటున ఆరు నిమిషాలు, అంతకంటే ఎక్కువ తీసుకున్నవాళ్ళకు 28 శాతం మందిలో అడినోమాలు దొరికాయి. తొందరగా లాగేసినవాళ్ళకు 12 శాతంలోపే. రోగులు దాదాపు ఒకలాంటివాళ్ళే, తేడా ఓపికది. 2014లో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనం ప్రకారం డాక్టరు ఏడీఆర్ ఒక్కో శాతం పెరిగేకొద్దీ, ఆయన చూసి పంపినవాళ్ళలో ఆ తర్వాత పేగు క్యాన్సర్ బయటపడే అవకాశం 3 శాతం చొప్పున తగ్గింది. చేయి తిరిగినవాళ్ళకూ అన్నీ కనబడవు. ఒకే రోగికి వెంటవెంటనే రెండుసార్లు చేసి పోల్చిన అధ్యయనాలన్నీ 2019లో కలిపి చూస్తే, మొదటి చూపులో సుమారు నాలుగింట ఒక అడినోమా తప్పిపోయింది.

కాబట్టి నేర్చుకునే డాక్టరు, చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్‌లో 'సీకం చేరాను' అని రాసుకుంటే తెలిసేది ఒక సగమే.

140, 275, 500

ఒకప్పుడు అమెరికాలో జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం పెట్టిన అంకె 140. అన్ని కేసులు అయ్యేదాకా 'వచ్చిందా రాలేదా' అని తూచడమే వద్దనేది దాని అర్థం. అది గడప మాత్రమే. జనం దాన్నే గమ్యం అనుకున్నారు. 2010లో ఒక శిక్షణ కేంద్రంలో పదకొండు మంది ఫెలోలను (శిక్షణలో ఉన్న డాక్టర్లను) లెక్కగట్టి చూస్తే, 140 దగ్గర ఒక్కరూ ప్రమాణం అందుకోలేదు. అందరూ అందుకునేసరికి 500 అయ్యాయి. మరుసటి ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్ళు సుమారు 275 దగ్గర సగటు విద్యార్థి సమర్థుడవుతున్నాడని తేల్చారు. బ్రిటన్‌లో ఇప్పుడు సర్టిఫికెట్‌కు కనీసం 280 కేసులు అడుగుతున్నారు. దానితోపాటు పక్కన నిలబడి గమనించిన గురువు రాసిన మార్కుల ఫారాలు కూడా కావాలి.

అంకెలు ఇన్ని రకాలుగా ఉండటానికి కారణం, ప్రతి ఒక్కరూ 'రావడం' అంటే వేరేదాన్ని కొలవడం. ఒకరు సీకం చేరడమే చూశారు, ఇంకొకరు ఎంతసేపట్లో చేరారో కలిపారు, మరొకరు చూపునూ లెక్కలోకి తెచ్చారు. పైగా సగటు అన్నది ఏ ఒక్కరి కథా కాదు. కొందరికి 200లోపే చేయి తిరుగుతుంది, కొందరికి 400 అయినా సిగ్మాయిడ్ దగ్గర చెమటలు పడతాయి.

ఇంకో మెలిక. ఒక విద్యార్థి ఈ నెల 20 కేసులు చేసి 18లో సీకం చేరాడనుకుందాం. 90 శాతం, పాసు. కానీ 20 అన్నది చాలా చిన్న సంఖ్య. లెక్కల ప్రకారం అతని అసలు సామర్థ్యం 68 నుంచి 99 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అదే 200లో 180 అయితే ఆ ఊగిసలాట 85 నుంచి 94కు తగ్గుతుంది. అంటే ఒక డాక్టరుకు ఈ పని వచ్చిందని నమ్మకంగా చెప్పడానికే వందల కేసులు కావాలి. ఆ వందల కేసులూ ఆయన నేర్చుకుంటూ చేసినవే అవుతాయి. ఇందులోంచి పూర్తిగా బయటపడే దారి లేదు. పక్కన గురువు ఉండటమే ఉన్న విరుగుడు. గురువు పక్కనుంటే సమయం పెరుగుతుంది గానీ ప్రమాదాలు పెద్దగా పెరగవని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. పేగుకు చిల్లు పడటమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. మొత్తం మీద అది వెయ్యికి ఒకటి, అంతకంటే తక్కువే.

మూడేళ్ళలో ఎన్ని దొరుకుతాయి?

మన దగ్గర ఈ విద్య ప్రధానంగా డీఎం గ్యాస్ట్రోఎంటరాలజీలో, అంటే జీర్ణకోశ వైద్యంలో పై చదువులో, నేర్పుతారు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ మూడేళ్ళు, ఆపైన ఇది మూడేళ్ళు. సర్జన్లు తమ పై చదువైన ఎంసీహెచ్‌లోనో, ఎంఎస్ తర్వాత విడిగానో నేర్చుకుంటారు.

ఒక ఊహా విభాగం తీసుకుందాం. వారానికి 20 కొలనోస్కోపీలు, ఏడాదికి 48 పనివారాలు, మొత్తం 960. ఏడాదికి ఇద్దరు చొప్పున మూడేళ్ళలో ఆరుగురు డీఎం విద్యార్థులు. అన్నీ వాళ్ళ చేతికే ఇస్తే ఏడాదికి తలకు 160. కానీ కష్టమైన కేసులు, రక్తం కారుతూ వచ్చినవాళ్ళు, పేరున్నవాళ్ళు సార్ల చేతికే పోతారు. సగమే దక్కితే ఏడాదికి 80, మూడేళ్ళకు 240. మేయో వాళ్ళ 275 కూడా అందలేదు. సీటు పెంచి ఏడాదికి ముగ్గురిని తీసుకుంటే ఒక్కొక్కరికి 160కి పడిపోతుంది. సీట్లు పెంచమనే మాటకూ, చేయి తిరిగే మాటకూ ఇలా ముడిపడి ఉంది.

రబ్బరు బొమ్మలు, పంది పేగులు, కంప్యూటర్ సిమ్యులేటర్లు ఇక్కడ కొంత ఆదుకుంటాయి. చక్రాల తికమక రోగి మీద కాకుండా బొమ్మ మీద తీరిపోతుంది, మొదటి కొన్ని పదుల కేసులు సాఫీగా నడుస్తాయి. ఆ తర్వాత తేడా చెరిగిపోతుంది. బొమ్మ మూలగదు మరి. కొందరు గురువులు ముందు బయటికి రావడమే నేర్పుతారు. తాము సీకం దాకా తీసుకెళ్ళి, స్కోపు విద్యార్థికి ఇచ్చి, చూస్తూ రమ్మంటారు. కాళహస్తి కలంకారీలో గీత గురువుది, రంగు నింపడం శిష్యుడిది. ఇదీ దాదాపు అలాంటిదే.

మన కొలమానం మనదేనా?

ఏడీఆర్ అన్న కొలత పుట్టింది ఏ జబ్బూ లేని యాభై ఏళ్ళవాళ్ళను వరసగా పరీక్షించే దేశాల్లో. డాక్టరు దాటాల్సిన కనీస గీతను అమెరికా 2024లో 35 శాతానికి పెంచింది కూడా. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే స్క్రీనింగ్ ఉంది, పేగుకు లేదు. ఇక్కడ కొలనోస్కోపీకి వచ్చేది మా మామలాంటివాళ్ళు, తగ్గని విరేచనాలవాళ్ళు, పాతికేళ్ళకే అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) పట్టుకున్నవాళ్ళు. పేగు క్యాన్సర్ కూడా పాశ్చాత్య దేశాలంత లేదు. వాళ్ళ గీతతో మన విద్యార్థిని కొలిస్తే బాగా చూసేవాడూ ఫెయిలే.

మరోవైపు, వాళ్ళు అంతగా పట్టించుకోనిది మనకు ముఖ్యం. పేగు క్షయ, పేగు వాచి పుండ్లు పడే క్రోన్స్ జబ్బు రెండూ ఎక్కువగా సీకం దగ్గర, చిన్నపేగు చివర్లో తిష్ఠ వేస్తాయి. చూడటానికి కవలల్లా ఉంటాయి. మందులు మాత్రం పూర్తిగా వేరు. క్రోన్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్ క్షయ ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మన దగ్గర నేర్చుకునేవాడు సీకం చేరి ఆగితే చాలదు. రెండు పేగుల మధ్య ఉండే కవాటం దాటి చిన్నపేగులోకి తొంగిచూసి, సరైన చోట్ల ముక్కలు తీసి రావాలి. నన్నడిగితే మన లాగ్‌బుక్కుల్లో మొదటి గడి దీనికే ఉండాలి.

ఎవరికి నేర్పాలన్న గొడవ

కుప్పం వాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు, చిత్తూరు వాళ్ళు వేలూరుకు పోతారు, పుత్తూరు, కాళహస్తి వాళ్ళు తిరుపతి వస్తారు. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లోని ఎండీ ఫిజీషియన్లకూ జనరల్ సర్జన్లకూ నేర్పితే ఈ తిరుగుడు తప్పుతుందని ఒక వాదం. అమెరికా పల్లెల్లో ఫ్యామిలీ డాక్టర్లు చేస్తున్నారు. 2009లో పన్నెండు అధ్యయనాలు కలిపి చూస్తే వాళ్ళు 89 శాతం కేసుల్లో సీకం చేరారు, అడినోమాలూ ప్రమాణానికి తగ్గట్టే పట్టారు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన నర్సులు కూడా చేస్తున్నారు.

ఎదుటి వాదమూ తేలిగ్గా తీసేసేది కాదు. కెనడాలోని ఒంటారియోలో, గ్యాస్ట్రోఎంటరాలజిస్టులు కానివాళ్ళు చూసి 'ఏమీ లేదు' అని పంపినవాళ్ళలో తర్వాత క్యాన్సర్ బయటపడటం ఎక్కువగా కనిపించింది. రెండూ నిజమే కావచ్చు. ఒక డిగ్రీ ఉన్నంత మాత్రాన చూపు రాదు, లేనంత మాత్రాన పోదు. ఏడాదికి ఎన్ని చేస్తున్నారు, ఎవరైనా లెక్క చూస్తున్నారా అన్నదే తేడా తెస్తుందనిపిస్తుంది. వారానికి ఒక్క కేసు వచ్చే చోట నేర్చుకున్న చేయి కూడా మొద్దుబారుతుంది. స్కోపు కొనడంతోనూ పని అయిపోదు. ఒక్కో కేసు తర్వాత లీకు చూసి, లోపలి గొట్టాలు బ్రష్షుతో తోమి, క్రిమిసంహారక ద్రావణంలో నానబెట్టే మనిషి కావాలి. ఆ మనిషికి శిక్షణ గురించి ఎవరూ మాట్లాడరు.

ఆకుపచ్చ గడి

ఈ చర్చను మళ్ళీ వార్తల్లోకి తెచ్చింది ఏఐ. తెర మీద పాలిప్ కనబడగానే దాని చుట్టూ చిన్న గడి గీసి చూపే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా దేశాల్లో వాడకంలో ఉంది. అది ఉన్నప్పుడు ఎక్కువ అడినోమాలు దొరుకుతున్నాయని అధ్యయనాలు చెప్పాయి. 2025 ఆగస్టులో పోలండ్ నుంచి వేరే కబురు వచ్చింది. ఏఐకి అలవాటు పడ్డాక, అది లేకుండా చేసిన కేసుల్లో అదే డాక్టర్ల ఏడీఆర్ 28 శాతం నుంచి 22కు పడింది. వాళ్ళంతా ఒక్కొక్కరు రెండు వేలకు పైగా చేసిన అనుభవజ్ఞులు. ముందూ వెనుకా పోల్చిన అధ్యయనమే కాబట్టి, పని ఒత్తిడి పెరగడమో, రోగుల్లో తేడానో కారణం కావచ్చని అనేవాళ్ళూ ఉన్నారు. ఏఐ అలవాటే కారణమైతే మాత్రం, పాతవాళ్ళ చూపే ఇలా సడలితే, మొదటి రోజు నుంచే గడి చూస్తూ నేర్చుకునేవాళ్ళ సంగతేమిటన్నది పెద్ద ప్రశ్న. గడి లేకుండా మొదటి రెండు వందలు చేయించమని కొందరు అంటారు. పక్కన ఎప్పుడూ అలసిపోని ఒక గురువు ఉన్నట్టేగా, ఎందుకు దూరం పెట్టడం అని ఇంకొందరు.

మా మామ కథకు వస్తే, ఆయన మత్తు వద్దన్నాడు. అందుకే లోపల జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పైపు పట్టుకున్నది కళ్ళద్దాల పిల్లాడు. పెద్ద సారు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకచోట మామ మూలిగితే సారు "ఆపు, వెనక్కి లాగు" అన్నాడు, నొప్పి పోయింది. చివరిదాకా పోయి తిరిగి వచ్చేటప్పుడు సారు మళ్ళీ "ఆగు. ఆ మడత వెనక చూడు" అన్నాడు. పిల్లాడు కొన వంచాడు. శనగగింజంత పాలిప్. వైరు వేసి తీసింది పిల్లాడే. రక్తం ఎక్కడి నుంచో కూడా తెలిసింది, మామ అనుకున్నట్టు మొలలే. అయితే ఆ పాలిప్ వాటితో సంబంధం లేకుండా అక్కడ ఉంది.

రిపోర్టు కింద రెండు పేర్లు, రెండు సంతకాలు ఉన్నాయి. సీకం ఫొటో ఉంది, బయటికి రావడానికి పట్టిన నిమిషాలు ఉన్నాయి. ఆ పాలిప్‌ను ముందు చూసింది ఎవరో రాసే గడి మాత్రం లేదు.